వారంటీ దాటాక

మా షాపుకు వచ్చే కార్లన్నీ వారంటీ దాటినవే. నాలుగేళ్లు లేదా 50 వేల మైళ్లు, ఏది ముందైతే అది. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, క్యాడిలాక్ మూడూ అమెరికాలో కొత్త కారుకు ఇచ్చే పూచీ ఇంతే. క్యాడిలాక్ మాత్రం ఇంజనుకూ గేర్‌బాక్సుకూ దాన్ని ఆరేళ్లు లేదా 70 వేల మైళ్ల దాకా పొడిగిస్తుంది. ఆ గడువు లోపల ఏం వచ్చినా షోరూమువాళ్లే చూసుకుంటారు. గడువు దాటిన మర్నాటి నుంచి ప్రతి బోల్టూ సొంత డబ్బుతో విప్పించుకోవాలి. అప్పుడు బండి మా దగ్గరికి వస్తుంది. సమీక్షలు రాసేవాళ్లు కొత్త కారును వారం రోజులు నడిపి తీర్పు చెబుతారు. నేను దాన్ని ఆరో ఏటో ఏడో ఏటో లిఫ్టు ఎక్కించి, కింద నిలబడి చూస్తాను. వాళ్ల తీర్పుకూ నా తీర్పుకూ అందుకే పొంతన కుదరదు.

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో వేరే చెప్పనక్కర్లేదు. ఉద్యోగంలో కుదురుకుని, ఇల్లు కొనుక్కుని, పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక చాలామందిలో పాత కోరిక ఒకటి మళ్లీ తల ఎత్తుతుంది. నాలుగు తలుపులుండాలి, వెనక పిల్లల సీటు పట్టాలి, కాలు నొక్కితే మాత్రం వీపు సీటుకు అతుక్కుపోవాలి. అటువంటి కార్లు అమెరికాలో తయారైనవీ ఉన్నాయి, జర్మనీ నుంచి వచ్చేవీ ఉన్నాయి. "అన్నా, బీఎండబ్ల్యూ ఎం5 తీసుకోనా, క్యాడిలాక్ సీటీఎస్-వి తీసుకోనా?" అని అడిగే ఫోన్లు నాకు తరచూ వస్తాయి. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. కొనే ధర చూసి కాదు, కొన్నాక దాన్ని ఎవరు విప్పగలరు, విప్పడానికి ఎన్ని గంటలు పడుతుంది, ఏ సామాను దొరుకుతుంది, ఇవి చూసి నిర్ణయించుకోండి. ఈ మాట ఫోనులో రెండు నిమిషాల్లో తేలేది కాదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను పానా పట్టడం నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, మా మేనమామ షెడ్డులో. లారీలు, అంబాసిడర్లు, జీపులు. అమెరికా వచ్చాక పరీక్షలు రాసి, సర్టిఫికెట్లు తెచ్చుకుని, ఈ షాపులో జర్మన్ కార్ల పనిలో చేరాను. ఆ తర్వాత అమెరికన్ వీ8 కార్లు కూడా నేను పనిచేసే బే లోకి వచ్చాయి.

ఈ పోటీ ఎలా మొదలైందో కొంచెం చెప్పాలి. కుటుంబానికి పనికొచ్చే కారులో రేసు కారు గుండె పెట్టడం జర్మన్లు చాలాకాలంగా చేస్తున్న పని. బీఎండబ్ల్యూ తన ఎం1 స్పోర్ట్స్ కారు ఇంజను వంశాన్ని మామూలు 5 సిరీస్‌లో దించి 1985లో మొదటి ఎం5 తెచ్చింది. మెర్సిడెస్ 500ఈ కారును పోర్షె సాయంతో తయారుచేసింది. 1998లో వచ్చిన ఈ39 తరం ఎం5, దాదాపు 400 గుర్రాల వీ8తో, అప్పటికి అందరికీ కొలమానం అయింది. క్యాడిలాక్ ఈ బరిలోకి 2004 మోడల్‌తో దిగింది. మొదటి సీటీఎస్-విలో కార్వెట్ ఇంజను పెట్టారు, 400 గుర్రాలు, చేత్తో వేసే గేర్లు మాత్రమే. ఉత్సాహం ఉంది గానీ వెనక డిఫరెన్షియల్ ఆ బలానికి తట్టుకోలేదన్న పేరు ఆ కారుకు స్థిరపడింది. రెండో తరం 2009 మోడల్‌తో అసలు సంగతి మొదలైంది. 2008 మే నెలలో జనరల్ మోటార్స్ ఇంజనీరు జాన్ హైన్‌రిసీ ఆ కారును జర్మనీలోనే నూర్‌బర్గ్‌రింగ్ రేసు ట్రాకు మీద 7 నిమిషాల 59.32 సెకన్లలో తిప్పాడు. నాలుగు తలుపుల కారు, షోరూము టైర్లతో, ఎనిమిది నిమిషాల లోపు. 556 గుర్రాల బలం. ధర దాదాపు 60 వేల డాలర్లు. అదే ఏడు ఎం5 కొనాలంటే 85 వేలు పైమాటే.

ఆ 25 వేల తేడా కొనేనాటి లెక్క. ఆరో ఏటి లెక్క ఇంజను మూత తీస్తేనే తెలుస్తుంది.

సీటీఎస్-విలోది ఎల్ఎస్ఏ అనే 6.2 లీటర్ల వీ8, మీద సూపర్‌చార్జర్. క్యామ్‌షాఫ్ట్ ఒక్కటే, అదీ బ్లాకు లోపలే. అక్కడి నుంచి పుష్‌రాడ్లు పైకి పోయి వాల్వులను తెరుస్తాయి. సిలిండరుకు రెండే వాల్వులు. ఇది పాత పద్ధతి అని తీసిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఆటోనగర్‌లో ట్యాపెట్లు సెట్ చేసిన అంబాసిడర్ ఇంజనులోనూ ఇదే అమరిక. కాబట్టి ఈ ఇంజను మొదటిసారి విప్పినప్పుడు నాకు అన్నీ తెలిసిన చోటుల్లోనే కనిపించాయి. హైడ్రాలిక్ లిఫ్టర్లు కనక ట్యాపెట్ సెట్టింగే అక్కర్లేదు. నాలుగు క్యామ్‌షాఫ్టులు, వాటిని తిప్పే పొడవాటి గొలుసులు, ఆ గొలుసులను పట్టుకునే ప్లాస్టిక్ గైడులు లేవు. ఇంజను పొట్టిగా ఉంటుంది కాబట్టి చుట్టూ చెయ్యి దూరుతుంది. వాటర్ పంపు ఎదురుగా ఉంటుంది. పొద్దున లిఫ్టు ఎక్కిస్తే మధ్యాహ్నం భోజనం వేళకు బండి బయట నిలబడుతుంది. ఈ ఇంజను చుట్టాలు అమెరికాలో లక్షల పికప్ ట్రక్కుల్లో తిరుగుతున్నాయి. చిన్న ఊళ్లో ఉన్న మెషీన్ షాపుకు కూడా దీని కొలతలు తెలుసు. గ్యాస్కెట్ కావాలంటే మధ్యాహ్నానికల్లా వస్తుంది, జర్మనీ నుంచి విమానం ఎక్కి రానక్కర్లేదు.

దానికీ జబ్బులున్నాయి. సూపర్‌చార్జర్ ముక్కులో స్ప్రింగు ఉన్న కప్లర్ ఒకటి ఉంటుంది, పుల్లీ నుంచి రోటర్లకు తిప్పుడు అందించేది. అది అరిగితే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు టకటకమని కొట్టుకుంటుంది. వినేవాడికి ఇంజను పోయిందనిపిస్తుంది. ఎన్నో బళ్లు ఆ చప్పుడు భయంతోనే చవగ్గా అమ్ముడుపోయాయి. ముక్కు విప్పి, కప్లర్ మార్చి, కొత్త ఆయిలు పోసి బిగిస్తే సరిపోతుంది. ఇంజను దించాల్సిన పనే లేదు.

ఇప్పుడు అదే కాలపు ఎం5, ఈ60. అందులోది ఎస్85 అనే వీ10. 5 లీటర్లు, 500 గుర్రాలు, 8,250 దాకా తిరుగుతుంది. సిలిండరుకొకటి చొప్పున పది త్రాటిల్ బాడీలు. 2005లోనూ 2006లోనూ ప్రపంచంలో మేటి ఇంజను బహుమతి దానికే వచ్చింది. ఆ బహుమతికి అది అన్ని విధాలా తగినది, నా మనసులో మాటే ఇది. ఏడు వేలు దాటాక అది పలికే గొంతు ఇంకే నాలుగు తలుపుల కారులోనూ నేను వినలేదు.

ఒక తమ్ముడు అటువంటి బండి కొనబోతూ చూసిపెట్టమని తెచ్చాడు. కంపెనీ ధరలో ఐదో వంతుకు వస్తోందని సంతోషం. లెదర్ బాగుంది, రంగు బాగుంది. సర్వీసు కాగితాలు మాత్రం మధ్యలో కొన్నేళ్లు లేవు. నేను ఆయిలు నమూనా తీసి ల్యాబుకు పంపిద్దామన్నాను. అతనికి తొందర. నేను ఒప్పుకోలేదు. ఫలితంలో సీసం, రాగి రెండూ ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువున్నాయి. అంటే కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరిగి ఆయిల్లో కలుస్తున్నాయన్నమాట. అమ్మేవాడికి ఆ కాగితం చూపిస్తే, ధర ఇంకా తగ్గించి బండి ఇచ్చేశాడు. బేరింగులు మార్చే పని నా బే లోనే జరిగింది.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. ఇంజనును పై నుంచి బీము వేసి వేలాడదీస్తాం. కింద ముందు సబ్‌ఫ్రేము దించుతాం. ఆయిల్ ప్యాను విప్పాక క్రాంకు షాఫ్టు కనపడుతుంది, దానికి పది రాడ్లు. ఒక్కో రాడ్డుకూ రెండు సగం చంద్రుల్లాంటి షెల్లులు, మొత్తం ఇరవై. ఒక్కో క్యాపు విప్పి, ఏ రాడ్డుది ఆ రాడ్డు పక్కన, ఏ వైపుది ఆ వైపు తిప్పి వరసగా గుడ్డ మీద పేరుస్తాను. ఒకటి మారినా ఇంజను మిగలదు. కొత్త షెల్లు బూడిదరంగులో నున్నగా ఉంటుంది. మంట పడ్డప్పుడు దెబ్బ తినేది పై షెల్లు కాబట్టి అరుగుదలా అక్కడే ముందు కనపడుతుంది. పాత రకం బేరింగుల్లో పై పొర పోతే కింద రాగిరంగు తేలుతుంది. ఆ బండిలో కొన్నింటికి మధ్యలో వేలెడు వెడల్పున రాగి కనపడింది. అది దాటితే ఇంకెన్నో మైళ్లు ఉండదు. షెల్లు తిరిగిపోతుంది, క్రాంకు గీసుకుపోతుంది, బ్లాకులోంచి రాడ్డు బయటికి వస్తుంది. పాత బోల్టులు మళ్లీ వాడకూడదు, కొత్తవి తెచ్చి డిగ్రీల లెక్కన బిగించాలి.

"ఇంత గొప్ప ఇంజనును ఇలా ఎందుకు చేశారన్నా?" అని అడిగాడు, షెల్లు చేతిలో పట్టుకుని.

"ఎనిమిది వేలకు పైగా తిరగాలంటే సందులు చాలా సన్నగా పెట్టారు తమ్ముడూ. చిక్కటి 10డబ్ల్యూ-60 ఆయిలు. చలి పొద్దున స్టార్ట్ చేసి వెంటనే తొక్కితే ఆయిలు అక్కడికి చేరదు. వేడెక్కే దాకా నువ్వు ఓపిక పట్టాలి. ముందు ఓనరు పట్టలేదు" అన్నాను.

ఈ తమ్ముడు ఓపిక పడుతున్నాడు. ఇప్పటికీ ఆ బండి నడుపుతున్నాడు. 60, 70 వేల మైళ్లకోసారి ఈ బేరింగులు ముందే మార్చుకోవడం ఆ కారుకు మామూలు సర్వీసు కిందే లెక్కేసుకోవాలి. టైరు మార్చినట్టే ఇదీ ఒక ఖర్చు అని ఒప్పుకున్నవాళ్లు ఆ కారుతో సుఖంగా ఉన్నారు. ఒప్పుకోనివాళ్లు ఏడాదిలో అమ్మేశారు.

టెక్సస్ ఎండ గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. ఈ60 తర్వాత వచ్చిన ఎఫ్10 ఎం5లోనూ, దాని తర్వాతి ఎఫ్90లోనూ 4.4 లీటర్ల వీ8 పెట్టి, రెండు టర్బోలనూ ఇంజను వీ మధ్యలో, నెత్తి మీద కూర్చోబెట్టారు. మెర్సిడెస్ ఈ63లో 4 లీటర్ల ఇంజనుదీ ఇదే అమరిక. దారి తగ్గుతుంది కాబట్టి టర్బో వెంటనే అందుకుంటుంది, తొక్కితే ఆలస్యం తెలియదు. ఇంజనీరింగ్ పరంగా అద్భుతమైన పని. కానీ ఆగస్టులో 40 డిగ్రీల ఎండలో ట్రాఫిక్‌లో నిలబడి, ఇంటికొచ్చి ఆపేశాక ఆ వేడంతా ఎక్కడికి పోవాలి? ఫ్యాన్లూ కరెంటు పంపులూ చాలాసేపు తిరుగుతూనే ఉంటాయి. అయినా ఏళ్ల తరబడి ఆ వేడికి మగ్గిన రబ్బరు గొట్టాలు, ప్లాస్టిక్ జాయింట్లు, సీళ్లు పెళుసెక్కి, పట్టుకుంటే చేతిలో పొడి అవుతాయి. గొట్టం ఖరీదు తక్కువే. దాని దగ్గరికి చేరడానికి అయ్యే గంటలకే డబ్బు. జర్మన్ కారు బిల్లులో సామాను లైన్లు చిన్నవి, కూలి లైను పెద్దది. మా కస్టమర్లకు మింగుడుపడనిది అదే.

తర్వాత కంప్యూటరు సంగతి. బీఎండబ్ల్యూలో కొత్త బ్యాటరీ వేశాక అది కొత్తదని కారుకు చెప్పాలి, లేకపోతే పాత బ్యాటరీ అనుకునే చార్జింగ్ చేస్తుంది. దానికి కంపెనీ సాఫ్ట్‌వేరో, ఆ పని చేయగల స్కానరో కావాలి. మసాచుసెట్స్‌లో 2012లో వచ్చిన రిపేరు హక్కు చట్టం, దాని మీద 2014లో కార్ల కంపెనీలు దేశమంతటికీ ఒప్పుకున్న ఒప్పందం పుణ్యాన మావంటి బయటి షాపులకు ఆ సాఫ్ట్‌వేర్ డబ్బు కడితే దొరుకుతోంది. ఆ చందాలు, ఆ ఇంటర్‌ఫేసులు, వాటి మీద పని చేయడం వచ్చిన మనుషులు ఉన్న షాపు మీ ఊళ్లో ఉందా అన్నది జర్మన్ కారు కొనేముందే తెలుసుకోవాలి. మంచి జర్మన్ షాపు ఇరవై మైళ్లలో ఉన్నవాడికీ, వంద మైళ్లలో ఉన్నవాడికీ ఒకే కారు రెండు వేర్వేరు అనుభవాలు ఇస్తుంది.

ఇంతవరకూ చదివినవాళ్లు నేను అమెరికన్ కార్ల పక్షం అనుకుంటారు. కాదు. లిఫ్టు కింద నిలబడితే జర్మన్ కారులో కనపడే పనితనం వేరు. సస్పెన్షన్ చేతులు అల్యూమినియంతో పోతపోసిన తీరు, కింది ప్యానెళ్లు గాలి సాఫీగా పోయేలా కప్పిన తీరు, ప్రతి వైరూ ఎక్కడ బిగించాలో అక్కడే బిగించిన తీరు. ఇవన్నీ ఆటోబాన్ మీద గంటకు 250 కిలోమీటర్ల వేగంతో గంటలకొద్దీ నడిపేవాళ్లను మనసులో పెట్టుకుని చేసినవి. మెర్సిడెస్ ఏఎంజీ ఇంజను ఆఫాల్టర్‌బాఖ్‌లో ఒక్క మనిషే మొదటి నుంచి చివరి దాకా బిగిస్తాడు, అతని సంతకం ఉన్న పలక ఇంజను మీద ఉంటుంది. ఆ పలక తుడిచి పక్కన పెట్టి పని మొదలుపెట్టడం నాకు అలవాటు. తోటి పనివాడికి ఇచ్చే గౌరవం అది.

మా దగ్గరికి ఒక తెలుగు డాక్టరుగారు ఈ63 తెస్తారు. ప్రతిసారీ నేను ఖర్చుల కాగితం ముందు పెట్టి, మేడమ్, ఈ డబ్బుకు వేరే బండి వస్తుందని చెబుతాను. ఆవిడ ఒకసారి అన్నారు. "మీ లెక్క నిజమే బాబూ. కానీ రాత్రి డ్యూటీ అయ్యాక ఈ తలుపు వేసుకుంటే బయటి లోకం వినపడదు. ఇంటికెళ్లేసరికి నడుం నొప్పి ఉండదు. దానికే నేను డబ్బులిస్తున్నా." దానికి నా దగ్గర జవాబు లేదు, ఆవిడ చెప్పింది అక్షరాలా సరైన లెక్క. ఆ సీట్లు, ఆ నిశ్శబ్దం, ఆ తలుపు బరువు క్యాడిలాక్ ఇవ్వలేదు. 2009 సీటీఎస్-వి డ్యాష్‌బోర్డు మామూలు కారుదే. 2013 మోడళ్ల నుంచి క్యాడిలాక్‌లలో వచ్చిన సీయూఈ టచ్ స్క్రీన్ పై పొర ఊడి గీతలు గీతలుగా పగలడం ఆ కార్ల ఓనర్లందరికీ తెలిసిన సంగతే.

ఒక్క విషయంలో మాత్రం అమెరికన్ కారు జర్మన్లకు పాఠం చెప్పింది. అది డ్యాంపర్లు. క్యాడిలాక్ మాగ్నెటిక్ రైడ్‌లో షాక్ అబ్జార్బర్ ఆయిల్లో సన్నటి ఇనప రజను కలిపి ఉంటుంది. కాయిల్లో కరెంటు పోగానే ఆ రజను వరస కట్టి ఆయిలు బిగుసుకుంటుంది, కరెంటు తీస్తే మళ్లీ పలచన. సెకనులో వందలసార్లు ఈ మార్పు జరుగుతుంది. 2002 మోడల్ సెవిల్‌లో మొదట పెట్టారు, తర్వాత ఫెరారీ కూడా 599లో తీసుకుంది. డాలస్ కాంక్రీటు హైవేల మీద పలకల అతుకులు టకటకా కొడుతుంటాయి. అక్కడ 556 గుర్రాల సీటీఎస్-వి అదే కాలపు ఎం5 కన్నా మెత్తగా పోతుంది. మలుపులో మాత్రం బిగుసుకుని నిలబడుతుంది. ఆ డ్యాంపర్లు పోతే ఒక్కోటీ వందల డాలర్లు, నాలుగూ కలిపి మార్చుకోవాలి. ఆ ఖర్చు చెప్పకుండా పొగడటం న్యాయం కాదు.

అమ్మేటప్పటి ధర గురించి మనవాళ్లు సరిగా ఆలోచించరు. జర్మన్ కార్లు అమెరికాలో లీజుకు చాలా పోతాయి. మూడేళ్లు కాగానే అవి గుంపుగా పాత కార్ల మార్కెట్లోకి వస్తాయి. అదే సమయానికి వారంటీ దగ్గరపడుతుంది, ఆ తర్వాతి ఖర్చు భయం కొనేవాడి మనసులో ఉంటుంది. అందుకే లక్ష డాలర్ల ఎం5 నాలుగైదేళ్లలో సగానికి దిగుతుంది. లీజు తీసుకున్నవాడికి ఆ నష్టం పట్టదు, నెలనెలా కట్టి మూడో ఏట తాళాలు ఇచ్చేస్తాడు. కాబట్టి జర్మన్ కారు కొత్తది కావాలంటే లీజు తీసుకోండి అంటాను. పదేళ్లు ఉంచుకుంటానంటే అమెరికన్ వీ8 కొనండి అంటాను. ఈ రెండు సలహాలకూ మధ్య నాకు ఏ ఇబ్బందీ లేదు. జర్మన్ కారు పాతది కొని, బాగుచేయించుకునే డబ్బు పక్కన పెట్టకుండా నడిపేవాళ్లే నష్టపోతారు. కొన్న ధరలో కనీసం ఐదో వంతు మొదటి రెండేళ్ల మరమ్మతులకు విడిగా పెట్టుకోమని నా మాట.

2022 మోడల్‌గా వచ్చిన క్యాడిలాక్ సీటీ5-వి బ్లాక్‌వింగ్ ఈ లెక్కను ఇంకా మార్చింది. 668 గుర్రాలు, చేత్తో వేసే ఆరు గేర్లు, 84,990 డాలర్ల ప్రారంభ ధర. అప్పటి ఎం5, ఈ63 రెండూ లక్ష డాలర్లు దాటాకే మొదలయ్యేవి, క్లచ్ పెడల్ రెండింటిలోనూ లేదు. చేత్తో గేర్లు వేసే పెద్ద సెడాన్ అంటూ ఇంకేదీ మిగలకపోవడంతో కొందరు డీలర్లు అసలు ధర మీద అదనంగా వసూలు చేశారు, కొన్నవాళ్లకు తిరిగి అమ్మే ధర కూడా బాగానే నిలబడుతోంది. కొన్నవాళ్లను నెవాడాలో రెండు రోజుల డ్రైవింగ్ బడికి పంపుతుంది కంపెనీ. జర్మన్ వైపు ఇలాంటి ముచ్చట ఒకటుండేది. మ్యూనిక్ వెళ్లి సొంత కారు ఫ్యాక్టరీ పక్కనే తీసుకుని, యూరప్ తిరిగి, ఓడలో అమెరికా పంపించుకోవడం. దాన్ని 2020లో ఆపేశారు. మా కస్టమర్లలో అలా తెచ్చుకున్నవాళ్లు ఆ ప్రయాణం సంగతి ఇప్పటికీ చెబుతారు.

బ్లాక్‌వింగ్ పెట్రోలు తాగుడు ఎక్కువ. మాన్యువల్ కారుకు ఊళ్లో గాలనుకు 13 మైళ్లు, హైవే మీద 21, అదీ ప్రభుత్వ లెక్క ప్రకారం. దానిపైన గ్యాస్ గజ్లర్ పన్ను. ఎం5 కొంచెం నయం గానీ ఇంటి బడ్జెట్టులో తేడా తెలిసేంత కాదు. ఎఫ్90 ఎం5 నాలుగు చక్రాలూ తిప్పుతుంది కాబట్టి టైర్ల విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. నాలుగూ బీఎండబ్ల్యూ ఆమోదించిన నక్షత్రం గుర్తున్నవే వేయాలి, అరుగుదల తేడా ఎక్కువ కాకూడదు, లేకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు మీద భారం పడుతుంది. ఒక టైరు పంక్చరైతే దాన్నొక్కదాన్నే మార్చుకుని డబ్బు మిగిలిందనుకునేవాళ్లకు తర్వాత పెద్ద బిల్లు వస్తుంది.

హైదరాబాదు నుంచి మా పెద్దనాన్నగారి అబ్బాయి అడిగాడు, "అన్నయ్యా, అమెరికన్ది అంత బాగుంటే ఇక్కడ ఎందుకు కనపడదు?" అని. జనరల్ మోటార్స్ 2017లోనే ఇండియాలో అమ్మకాలు ఆపేసింది. క్యాడిలాక్ అసలు అమ్మలేదు. బీఎండబ్ల్యూ చెన్నైలో, మెర్సిడెస్ పుణె దగ్గర చాకన్‌లో కార్లు కూరుస్తున్నాయి. ఎం5 వంటివి పూర్తిగా తయారై ఓడలో వస్తాయి, కారు ధరతో సమానంగానో ఇంకా ఎక్కువో సుంకం కట్టాలి. అందుకని అక్కడ మనకు ఈ పోలికకే అవకాశం లేదు. వాడికి నేను చెప్పింది, జర్మన్ కారైతే అక్కడే కూర్చిన మోడల్ తీసుకోరా, సామాను దొరుకుతుంది అని.

పాత కారు చూసిపెట్టమంటే నేను మొదట ఇంజను చూడను. రాత్రంతా ఆపి ఉంచిన బండిని, నేను వచ్చే దాకా స్టార్ట్ చేయొద్దని చెబుతాను. చల్లటి ఇంజను మొదటి నిమిషంలో పలికేదే నిజమైన గొంతు. ముందే వేడిచేసి ఉంచిన బండైతే వెనక్కి తిరిగి వచ్చేస్తాను. ఆ తర్వాత కాగితాలు. ఆయిలు ఎన్ని మైళ్లకు మార్చారు, ఏ ఆయిలు పోశారు. కంపెనీ చెప్పిన 10 వేల మైళ్ల దాకా ఆగినవాడి కన్నా ఐదు వేలకే మార్చినవాడి బండికి నేను ఎక్కువ ధర ఇమ్మంటాను. తర్వాతే లిఫ్టు.

నా సొంత డబ్బుతో కొనాల్సివస్తే మాన్యువల్ గేర్లున్న రెండో తరం సీటీఎస్-వి కొంటాను. మా షాపు ఓనరుకు ఈ మాట నచ్చదు, ఆయన ఇంట్లో ఈ39 ఎం5 ఉంది. దాని స్టీరింగు గురించి ఆయన చెప్పేదంతా నిజమని నాకూ తెలుసు.

ఇక ముందు ఈ పోలిక ఇలా ఉండదు. 2025 మోడల్ ఎం5 ప్లగ్-ఇన్ హైబ్రిడ్. అమెరికా లెక్కలో 717 గుర్రాలు, బరువు 2,400 కిలోలు దాటింది. వీ8 ఉంది, గేర్‌బాక్సులో మోటారు ఉంది, కింద పెద్ద బ్యాటరీ ఉంది. ఆ నారింజ రంగు కేబుళ్లు ముట్టుకోవాలంటే రబ్బరు చేతితొడుగులు, ఇన్సులేటెడ్ పానాలు, వేరే సర్టిఫికెట్టు కావాలి. ఆ కార్ల వారంటీ గడువు తీరి మా దగ్గరికి రావడం మొదలయ్యేది 2029 ప్రాంతంలో. అప్పటికి సిద్ధంగా ఉండాలని హై వోల్టేజి తరగతుల్లో చేరాను. సాయంత్రాలు షాపు మూశాక, అక్కడికే వెళ్తున్నాను.